పేరు రాసినవాళ్లను తిట్టే బాపురావు

బాపురావుకు ఈ లోకంలో ఒక్క శత్రువే ఉన్నాడు. పుస్తకం మీద పేరు రాసిన మనిషి. దొంగనైనా క్షమిస్తాడు గానీ వాణ్ని క్షమించడు. దొంగ ఎత్తుకెళ్లిన పుస్తకం మీద పేరు రాసుకోడు కదా అని ఆయన వాదన.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో నా జిరాక్స్ సెంటర్ పైన ఉన్న రేకుల గదిలో ఆయన పాత ఇంగ్లీషు సూపర్‌హీరో కామిక్స్ కొని అమ్ముతాడు. కొత్తవి ముట్టడు. మంచివి ఏరి, ముంబై ఏజెంటు ద్వారా అమెరికా పంపిస్తాడు. అక్కడ ఒక కంపెనీవాళ్లు భూతద్దం పెట్టి చూసి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారు. మార్కులను బట్టే ధర. ముడత పడితే మార్కులు తగ్గుతాయి, మరక పడితే తగ్గుతాయి. ఎవడైనా పెన్నుతో పేరు రాశాడా, బాపురావు మాటల్లో, "పుస్తకం జైలుకు పోయినట్టే."

ఆ గదిలోకి వెళ్లాలంటే చేతులు కడుక్కోవాలి. జేబులో పెన్ను ఉంటే గుమ్మం దగ్గరే ఇచ్చేయాలి. ఒకసారి కొరియర్ అతను సంతకం కావాలని పెన్ను తీస్తే, "లోపల తియ్యకు, మెట్ల మీద పెడ్త పా" అని కిందిదాకా నడిపించుకొచ్చాడు. మా చెల్లెలి పెళ్లికి స్టీలు బిందె తెచ్చాడు. దాని మీద పేరు కొట్టించలేదేమని మా అమ్మ అడిగితే ఆయనకు చెమటలు పట్టాయి.

"పేరు కొట్టిస్తె బిందె ఇజ్జత్ పోతదమ్మా."

పేరు రాసిన పుస్తకం దొరికితే దాన్ని అమ్మకానికి పెట్టడు. ఆ పేరు గలవాళ్లు ఎక్కడున్నారో ఆరా తీసి, ఆదివారం స్కూటర్ ఎక్కుతాడు.

"యాడికన్నా?"

"ఇందల్వాయి. తొమ్మిది మార్కులు రావాల్సిన పుస్తకాన్ని ఒకడు నాలుగు చేసిండు. తిట్టొస్త."

ఇంకో వారం మెండోర. అదీ తిట్టడానికే. సాయంత్రానికి మాత్రం ఈల వేసుకుంటూ తిరిగొచ్చేవాడు. మనుషుల్ని తిడితే ఒంటికి ఇంత మంచిదా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

పోయిన ఫిబ్రవరిలో బోధన్ నుంచి పాత సామాన్ల కాశయ్య ఒక కట్ట తెచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీ పాత క్వార్టర్లలో ఏదో అటక మీద దొరికిందట. కట్ట విప్పుతూనే బాపురావు కుర్చీలో కూలబడ్డాడు. ఒక ముసుగు వీరుడు మొట్టమొదటిసారి కనబడిన సంచిక. ఏళ్లుగా వెతుకుతున్నది. మొదటి పేజీ తిప్పాడు. నీలి సిరాతో గుండ్రంగా రాసి ఉంది: ఆర్. చంద్రవ్వ, ఆరవ తరగతి, బోధన్.

చంద్రవ్వ అంతటితో ఆగలేదు. ప్రతి పేజీలోనూ వీరుడికి మీసాలు దిద్దింది.

నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

"మీసం, తమ్మి," అన్నాడు నీరసంగా. "మెలి గూడ తిప్పింది."

ఈ సంగతి ఎలా పొక్కిందో, పుణె నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పేరున్నా, మీసాలున్నా సరే కొంటానన్నాడు. ఆయన చెప్పిన ధరకు బాపురావు ఆ ఉడికిపోయే రేకుల గది వదిలేసి, ఎన్నాళ్లుగానో కలలు కంటున్న ఏసీ దుకాణం పెట్టుకోవచ్చు.

"ఇచ్చెయ్యన్నా," అన్నాను.

"పేరున్నది గదా."

"పేరున్నా కొంటనంటుండు గదా ఆయన."

"ఆయన కొంటడు. నేనెట్ల అమ్ముత? పేరు చంద్రవ్వది."

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం ఆయన స్కూటర్ మొండికేసింది. నా బండి మీద ఇద్దరం బోధన్ వెళ్లాం. క్వార్టర్ల పక్కన చాయ్ హోటల్ ముసలాయన కాసేపు ఆలోచించి, చంద్రవ్వను నందిపేట్‌కు ఇచ్చారని చెప్పాడు. అక్కడి నుంచి నందిపేట్. దారంతా బాపురావు నా వెనక కూర్చుని ఏమేం తిట్టాలో గొణుక్కుంటూనే ఉన్నాడు.

ఆ ఇంటి ముందు ఉడికించిన పసుపు ఎండబోసి ఉంది. అరవై దాటిన ఒకావిడ కొమ్ములు తిరగేస్తోంది. పక్కనే ఆమె కోడలు సుకన్య.

"చంద్రవ్వంటె మీరేనా?" బాపురావు గొంతు పెంచాడు. "ఆరో తరగతి, బోధన్?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. సుకన్య నవ్వింది.

"ఆరో తరగతా? మా అత్తమ్మ బడి మొకమే సూడలె సారూ. సదివిన సదివిన అంటది గని, ఇంట్ల ఎవ్వలం నమ్మం."

బాపురావు సంచిలోంచి పుస్తకం తీశాడు.

"గీ పుస్తకం ఖరాబు చేసింది మీరే గదక్కా? పెన్ను దొరకంగనే పేరు రాసుడేనా? సరే, పేరంటె పేరు. మీసాలెందుకు పెట్టిండ్రు?"

చంద్రవ్వ పసుపు అంటిన వేళ్లతోనే పుస్తకం అందుకుంది. బాపురావు మాత్రం చేతులు కడుక్కోమనలేదు.

"మీసం లేకుంటె మా బాపు లెక్క ఎట్ల కనవడ్తడు సారూ?" అంది ఆమె. "ఫ్యాక్టరీల చెరుకు బండ్లు దింపుతుండె మా బాపు. గింత మీసముండె. ఫ్యాక్టరీ ఇంజనీరు భార్య ఇచ్చింది నాకీ పుస్తకం. ఇంగ్లీషు ఏడొస్తది? బొమ్మలు సూసి కథ నేనే అల్లుకున్న. లగ్గమైనంక పుస్తకం క్వార్టర్లనే ఉండిపోయింది."

సుకన్య వంగి ఆ పేరు కూడబలుక్కుని చదివింది. "గిది నీ రాతనేనా అత్తమ్మా?"

చంద్రవ్వ ఒక పసుపు కొమ్ము తీసి గచ్చు మీద పచ్చగా తన పేరు రాసింది. అదే గుండ్రటి 'చ', కింద అదే వంపు. సుకన్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అత్తను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇగో, మీ పుస్తకం మీకు ముట్టింది," అన్నాడు బాపురావు, ఇంకా కోపంగానే. "మల్ల యాడ పడితె ఆడ మరిసిపోకుండ్రి."

"పైసలెంత సారూ?"

"పేరు మీది. పైసలెందుకు?"

ఇందల్వాయి, మెండోర, అన్నీ నాకప్పుడు తెలిశాయి. ఇన్నేళ్లూ ఆదివారాలు ఈయన చేస్తున్నది ఇదే. తిట్టేవాడు కూడా, అందులో అబద్ధం లేదు.

నేను బండి దగ్గరికి నడిచాను. వెనక సుకన్య గొంతు వినబడింది. "కథ చెప్పు అత్తమ్మా."

"గీయన పగటీలి చెరుకు దింపుతడు," చంద్రవ్వ మొదలుపెట్టింది. "పొద్దుగూకినంక ఆకాశంల తిరుగుతడు. ఒకనాడు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద రాక్షసుడొచ్చి కూసున్నడు. దిగుమంటె దిగడు..."

బండి స్టార్ట్ చేశాను. వెనక సీటు ఖాళీగానే ఉంది. తిరిగి చూశాను. ఆ పుస్తకంలోని అసలు కథ అక్షరం పొల్లుపోకుండా తెలిసిన బాపురావు, చెప్పులు విడిచి పసుపు బస్తా మీద సర్దుకుని కూర్చున్నాడు.

"దిగిండా మరి అక్కా?" అని అడుగుతున్నాడు.

నేను బండి ఆపేశాను.