చెంపలతో విన్నవాడు

ఆ గదిలో ఉన్నవి: పెద్ద హెడ్‌ఫోన్లు మూడు, నేను సొంతంగా కట్టిన ఆంప్లిఫయర్ ఒకటి, పాత ల్యాప్‌టాప్, మల్టీమీటర్, ఆపేసిన సీలింగ్ ఫ్యాన్, తువ్వాళ్లు రెండు. మనుషులు నలుగురు. మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే మామ, ఆయన మేనల్లుడు, మునగాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన నా స్నేహితుడు, నేను. మామ నిజానికి మేనల్లుడికే మామ. మేం ముగ్గురం ఇంజినీరింగ్‌లో ఒకే క్లాసు కాబట్టి మాకూ మామే అయ్యాడు. హెడ్‌ఫోన్లు మూడూ మేనల్లుడివి. స్థలం కోదాడ, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం పైగది. కాలం 2012 ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం.

ఫ్యాన్ ఆపింది నేనే. మూడింటిలో రెండు హెడ్‌ఫోన్లకు కప్పుల వెనక జాలీ ఉంటుంది. బయటి చప్పుడంతా జాలీలోంచి లోపలికి వస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంటే మనం వినేది సగం ఫ్యానే. అందుకని నలుగురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం.

కూర్చున్నది సరదాకి కాదు. ఆ గది పక్కనే మామ రికార్డింగ్ గది పెట్టబోతున్నాడు. జానపద పాటలు రికార్డు చేసి సీడీలు తేవాలని ఆయన ఆలోచన. మిక్సింగ్ దగ్గర కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. ఒక్కడే. మేనల్లుడు ఆ కుర్చీ తనదే అనుకుంటున్నాడు. నా స్నేహితుడికి ఆ కుర్చీ తప్ప వేరే దారి లేదు. మూడో ఏడాదిలో సబ్జెక్టులు మిగిలిపోయి చదువు ఆపేసి, సూర్యాపేటలో మైక్ సెట్ దుకాణంలో చేరాడు. ఫంక్షన్లలో మిక్సర్ ముందు వాడు కూర్చుంటే వెనక వరసలో ముసలివాళ్లకు కూడా మాట స్పష్టంగా వినపడేది. కానీ ఇంట్లో వాళ్లకు అది పని కాదు. గొర్రెల మంద ఉంది, దాని వెంట పోవడానికి మనిషి కావాలి. ఈ కుర్చీ దొరికితే వదిలేస్తామని వాళ్ల నాన్న మాట ఇచ్చాడు.

"చెవి ఉన్నోడు కూసుంటడు. నాకు చుట్టరికం లేదు" అన్నాడు మామ. హెడ్‌ఫోన్లు పోల్చి చెప్పమనడం ఆయన పెట్టిన పరీక్షే. తాను మాత్రం ఒక్కటి కూడా తలకు పెట్టుకోలేదు. "నేను వాటిని చూడను. మిమ్మల్ని చూస్త" అన్నాడు.

వినడానికి పెట్టిన పాట మా స్నేహితుడు రికార్డు చేసిందే. వాళ్ల చిన్నమ్మ నాట్ల పాట పాడుతుంది, బాబాయి డప్పు కొడతాడు. దొడ్డి పక్కనే రికార్డు చేయడం వల్ల వెనక గొర్రెల గంటలు ఉంటాయి. రెండో చరణం మధ్యలో ఎడమవైపు దూరంగా ఒక గొర్రె దగ్గుతుంది.

మూడింటి స్వభావం ఇది. నల్లదానికి కప్పులు మూసి ఉంటాయి, తోలు ప్యాడ్లు, బరువెక్కువ. ఊరేగింపులో డీజే బండి పక్కన నిలబడితే కడుపులో తగిలే గుద్దు దీంట్లో చిన్న కొలతలో ఉంటుంది. డప్పు పెద్దదై ముందుకొస్తుంది, పాడే ఆమె దాని వెనక్కి పోతుంది. గంటలు లీలగా ఉంటాయి, దగ్గు అసలు వినపడదు. బూడిదరంగుదానికి వెల్వెట్ ప్యాడ్లు, వెనక జాలీ. డప్పు ఎంతుందో అంతే వినపడుతుంది. గొంతుకీ డప్పుకీ మధ్య నాలుగడుగుల ఖాళీ తెలుస్తుంది, ఆ ఖాళీలో గంటలు, దూరంగా దగ్గు. మొదటిసారి విన్నవాళ్లు చాలామంది బేస్ లేదని తీసి పక్కన పెడతారు. మూడోది కర్ర కప్పులది, స్పాంజి ప్యాడ్లు. గొంతు మన చెవిలోకి వంగి పాడినట్టు దగ్గరగా ఉంటుంది. కానీ స, శ వచ్చిన ప్రతిచోటా గీరుతుంది. పావుగంటకు తల పట్టుకుంటాం.

నేను ఇలా చెప్పాను. మామ ఆవులించాడు. మేనల్లుడు నల్లదే రాజా అన్నాడు, "బేస్ చూడు మామా, బేస్" అన్నాడు. మామ నా స్నేహితుడి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు పిలగా."

"నల్లది గోనెసంచిల ఉన్న బియ్యం మామా. నిండుగ ఉంటది, లోపల రాయి ఉన్నా తెల్వది."

"ఆ బూడిదది?"

"చేటల పోసిన బియ్యం. రాయి కనపడ్తది, ఏరెయ్యొచ్చు."

"కర్రది?"

"దానికి పాలిష్ ఎక్కువ వట్టిన్రు."

మామ తొడ చరుచుకుని నవ్వాడు. మిల్లు మొదలుపెట్టిన నాటినుంచి ఇంత బాగా ఎవరూ చెప్పలేదన్నాడు. ఆ నవ్వుతోనే కుర్చీ ఎవరిదో తేలిపోయిందని నేననుకున్నాను. మేనల్లుడూ అదే అనుకున్నాడు.

"చూసుకుంట చెప్పుడు ఎవ్వనికైన వస్తది" అన్నాడు. "కండ్లు మూసి చెప్పమను. నీ సంత లెక్క వెట్టు మామా."

సంత లెక్క మామ పాత వృత్తిలోది. మిల్లుకు ముందు ఆయన పశువుల సంతలో బేరగాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు, లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అది ధర. చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలు తప్ప ఏమీ కనపడవు. మామకు ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. ఒక తువ్వాలు నా స్నేహితుడి కళ్లకు, ఒక తువ్వాలు వాడి చేయి, మామ చేయి మీద. నల్లదైతే ఒక వేలు, బూడిదదైతే రెండు, కర్రదైతే మూడు.

ముందు చాయ్ తాగి వద్దామన్నాడు మేనల్లుడు. మేం ముగ్గురం కిందికి దిగాం. వైర్లు సరిచేస్తానని అతను పైనే ఉన్నాడు.

తిరిగి వచ్చాక నేను మూడింటికీ శబ్దం సమానంగా ఉందో లేదో మల్టీమీటర్‌తో ఇంకోసారి కొలిచాను. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటే పరీక్షకు అర్థం లేదు. ఒక డెసిబెల్ తేడా చెవికి అందడమే కష్టం. మూడు ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. వైర్ల చివర అంతా సరిగ్గానే ఉంది, కప్పుల వైపు నేను చూడలేదు. ఆ తర్వాత నన్ను ల్యాప్‌టాప్‌తో గోడవైపు తిరిగి కూర్చోమన్నారు. దగ్గో, గొంతు సవరింపో చేసి సైగలు ఇస్తానట.

"ఒక్కటే రెండుసార్లు గూడ వెడ్త. లెక్కవెట్టుకోని చెప్పకు" అని మేనల్లుడు మొదటిది వాడి తలకు తొడిగాడు.

పాట ఒక చరణం కూడా కాలేదు. "మూడు" అన్నాడు మామ, తువ్వాలు కింద వేళ్లు అందుకుని. మేనల్లుడు సరేనన్నాడు.

రెండోది. వాడు చాలాసేపు విన్నాడు. "రెండు" అన్నాడు మామ. మేనల్లుడు మూడోది అందుకున్నాడు.

మూడోదానికి పాట అయిపోయింది. వాడు మళ్లీ పెట్టమన్నాడు, నేను పెట్టాను.

"మామా, బేస్ జూస్తె నల్లదాని లెక్కనే ఉన్నది. గని గొర్రె దగ్గు ఇనపడ్తుంది. నల్లదాంట్ల దగ్గు రాదు."

"ఏలు వెట్టు" అన్నాడు మేనల్లుడు.

"ఇది మూడిట్ల ఏదీ గాదనిపిస్తుంది."

"గాదు అనేటందుకు ఏలు లేదు పిలగా" అన్నాడు మామ. "చెయ్యి వట్టినంక ఏదో ఒకటి చెప్పాలె. లేకుంటె బేరం ఎట్లయితది?"

తర్వాత మామ గొంతు వినపడింది: "ఒకటి."

మేనల్లుడు పగలబడి నవ్వాడు. నేను తిరిగి చూసేసరికి వాడి కళ్ల మీది తువ్వాలు లాగేశాడు. వాడి తలమీద ఉన్నది బూడిదరంగు హెడ్‌ఫోన్. దానికి నల్లదాని తోలు ప్యాడ్లు. బల్లమీద నల్లది ఉంది, దానికి వెల్వెట్ ప్యాడ్లు. మేం చాయ్ తాగుతున్నప్పుడు అతను అటువి ఇటు మార్చాడు. చేత్తో తిప్పితే ఊడతాయి, రెండింటి కొలతా ఒకటే.

"మెత్తగ తాకితె రెండన్నడు, తోలు తాకితె ఒకటన్నడు! మామా, ఈయన చెవుల్తోని ఇనడు, చెంపల్తోని ఇంటడు!"

మామ తువ్వాలు కిందినుంచి చెయ్యి తీసి, అదే తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"ప్యాడ్ మారితే సౌండ్ కూడా మారొచ్చు మామా. కొలిస్తే గాని చెప్పలేం" అన్నాను.

"కొలిచినంక చెప్పు. గప్పటిదాక బేరం ఆగదు" అన్నాడు. తర్వాత నా స్నేహితుడితో, కోపమేమీ లేకుండా, సరుకు వెనక్కి పంపేటప్పుడు మాట్లాడే గొంతుతో అన్నాడు: "కొమ్ములకు రంగేస్తె ఎద్దే మారిందనుకునేటోడు నాకెందుకు పిలగా? పో, గొర్ల కాడ్కి పో. గవి మోసం చెయ్యయి."

వాడు హెడ్‌ఫోన్ తీసి వైరు చుట్టి బల్లమీద పెట్టాడు. వైరు మడత పడకుండా చుట్టడం వాడికి అలవాటు. మెట్లు దిగేటప్పటికే కింద దుకాణంవాళ్లకు సంగతి చేరిపోయింది. దుకాణదారుది కృష్ణా నది అవతలి ఊరు. "ఏవండీ, చెంపలతో వింటారంటగా? ఇందాక తాగిన టీ ఎలా ఉందో కాస్త మోచేత్తో చెప్పండి!" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వినవాళ్లలో ఒక్కరికీ మా స్నేహితుడు ముందు తెలియదు.

నాన్న మాట కాదని వాడు సూర్యాపేటకే తిరిగి పోయాడు. మైక్ సెట్ దుకాణంలో వాడి పేరు చెంపల ఇంజినీర్ అయింది. మిక్సర్ ముందు కూర్చుంటే ఎవడో ఒకడు వచ్చి రెండు చెంపలూ నిమురుకుని పోయేవాడు. పెళ్లిళ్లలో డ్రైవర్లు, వంటవాళ్లు కూడా మొదలుపెట్టారు. కొన్నాళ్లకు వాడే మిక్సర్ వద్దన్నాడు. బాక్సులు దించే పని అడిగి తీసుకున్నాడు.

కోదాడ కుర్చీలో మేనల్లుడు కూర్చున్నాడు. మిక్సింగంతా నల్లదాంతో చేసేవాడు. దాంట్లో బేస్ ఎక్కువ వినపడుతుంది కాబట్టి పాటలో బేస్ తగ్గించేవాడు. ఆ సీడీల్లో డప్పు బిస్కెట్ డబ్బా కొట్టినట్టు ఉంటుంది. మామ వాటిని కారులో వింటూ బ్రహ్మాండంగా ఉందనేవాడు.

మరుసటి ఏడాది మేనల్లుడు కొత్తవి కొనుక్కుని నల్లదీ బూడిదదీ నాకిచ్చేశాడు. ప్లైవుడ్ చెక్కకు రంధ్రం చేసి చిన్న మైకు బిగించి, హెడ్‌ఫోన్‌ను దానిమీద బోర్లించి, తోలు ప్యాడ్లతో ఒకసారి, వెల్వెట్ ప్యాడ్లతో ఒకసారి కొలిచాను. ప్యాడ్ అంటే బుగ్గకు మెత్తదనం మాత్రమే కాదు. తోలు గాలిని బయటికి పోనివ్వదు, వెల్వెట్ పోనిస్తుంది. గాలి పోతే దాంతోపాటే బేస్ పోతుంది. ప్యాడ్లు మార్చగానే నల్లది బూడిదదాని వైపు జరిగింది, బూడిదది నల్లదాని వైపు జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు గీతల్లో ఉంది. మూడింటిలో ఏదీ కాదన్నది కూడా నిజమే. అది నాలుగోది.

ఆ కాగితం తీసుకెళ్లి మేనల్లుడికి చూపించాను. చూడనైనా చూడలేదు.

"నాకు తెల్వదనుకున్నవారా? ముందురోజే మార్చి ఇన్న. ఏది ఏదో నాకే సమజ్ గాలె. గందుకే గదా వెట్టింది."

మిర్యాలగూడ మిల్లుకు పోయి మామకు చెప్పాను. మెషీన్ల హోరులో గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది. ఆయన ఒక బియ్యపు గింజ పంటికింద కొరుకుతూ మొత్తం విన్నాడు.

"అంటె మావోడు ముందే అన్నీ చూసుకోని దిగిండన్నట్టు."

"అవును మామా."

"మరి గంత తెలివిగల్లోన్ని కూసోవెట్టి నేనేం తప్పు చేసిన?" అన్నాడు, కొరికిన గింజ ఉమ్మేసి.

నా స్నేహితుణ్ణి 2014లో మునగాల దాటాక హైవే పక్కన దాబా ముందు కలిశాను. డీజే బండి ఆపుకుని రొట్టె తింటున్నాడు. చేతులు బాక్సులు మోసి మోసి కాయలు కాశాయి. కాగితం ఇచ్చాను. గీతలు చూశాడు, అర్థమైంది. ఇంజినీరింగ్‌లో ఆ సబ్జెక్టు వాడు నాకు చెప్పినవాడే.

"మంచిగ గీసినవ్‌రా."

"గీయలేదు, కొలిచాను."

"జాలి వడి కొలిచినవ్" అన్నాడు. "ఇగ ఇడ్సిపెట్టు."

బ్యాగులోంచి బూడిదది తీసి ఇచ్చాను. ఫోన్లో అదే పాట పెట్టాను, వాళ్ల చిన్నమ్మ పాట. వాడు దాన్ని తలకు పెట్టుకునే ముందు రెండు ప్యాడ్లనూ బొటనవేలితో నొక్కి చూశాడు. లోపలి కుట్టు చూశాడు. నా మొహం చూశాడు. తర్వాత పెట్టుకున్నాడు. రెండో చరణం వచ్చింది, పోయింది.

"దగ్గు వినపడిందా?" అని అడిగాను.

"ఏం దగ్గు?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమో అని చూశాను. చేయడం లేదు. "నాకు ఇప్పుడు అన్నీ ఒక్కతీర్గనే ఇనపడ్తయ్‌రా. అసలు గప్పుడు గూడ గంతేనేమో."

డ్రైవర్ హారన్ కొట్టాడు. వైరు మడత పడకుండా చుట్టి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. కాగితం దాబా మంచం మీదే ఉంది, రొట్టె నూనె అంటుకుని. మడిచి జేబులో పెట్టుకున్నాను. నల్లదానికి తోలు తీసి వెల్వెట్ వేస్తే బేస్ ఉండే అరవై హెర్ట్జ్ దగ్గర తగ్గిన శబ్దం: తొమ్మిది డెసిబెల్స్.