ఉరుము విన్న మనిషి

మొన్న పొద్దున మందమర్రిలో మా క్వార్టర్ల వెనక మైదానంలో ఎవరో మిషన్‌తో గడ్డి కోస్తున్నారు. కిటికీలోంచి పచ్చి వాసన ఇంట్లోకి వచ్చింది. అందరికీ అది వానాకాలపు వాసన. నాకు మాత్రం మ్యాగజైన్ వాసన. మ్యాగజైన్ అంటే చదివే పుస్తకం కాదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో రాయిని పేల్చే మందు దాచే కట్టడం. ఊరికీ గనికీ దూరంగా ఉంటుంది. చుట్టూ ఎత్తయిన మట్టికట్ట, దాని చుట్టూ ముళ్లకంచె. ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే లోపలిదాకా పాకుతుందని అక్కడ గడ్డిని జానెడు కూడా పెరగనివ్వరు. నేను ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున కూడా కోస్తూనే ఉన్నారు. ఆ వాసనలోనే రహీం సాబ్‌ను మొదటిసారి చూశాను.

మా బాపు అదే గనిలో పనిచేస్తూ జబ్బు చేసి పోయాడు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. డిగ్రీ చదివిన పిల్లను కదా, ఆఫీసులో కూర్చోబెడతారనుకున్నాను. బ్లాస్టింగ్ జట్టులో వేశారు. ఆ జట్టుకు పెద్ద, బ్లాస్టర్, రహీం సాబ్. నస్పూర్ మనిషి. కొండంత రాయిని లేపే పేలుళ్లు ఈయన చేతి మీదుగా జరుగుతాయంటే నమ్మబుద్ధి కానంత పొట్టిగా, సన్నగా ఉన్నారు. మాట కూడా మెల్లగానే. గేటు దగ్గర నన్ను ఆపి, నా మెరిసే చుడీదార్‌ను ఒకసారి చూసి, "ఇయ్యాల లోపలికి రావద్దు బిడ్డా, ఇంటికి పో. రేపు నూలు బట్టలు తొడుక్కొని రా" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. మొదటి రోజే, పదిమంది మగవాళ్ల ముందు, బట్టల గురించి మాట. ఆడపిల్ల వచ్చిందని గిట్టక అంటున్నాడనుకున్నాను. నా ముఖం చూసి ఆయనకు అర్థమైనట్టుంది. దగ్గరికొచ్చి, "చలికాలంల గసోంటి బట్టలు ఇడిసేటప్పుడు చిటపట అంటయి, విన్నవా?" అని అడిగారు. తలూపాను. "గా చిటపట చాలు లోపలున్న డిటోనేటర్‌కు. నువ్వు ఆడిపిల్లవా మొగపిల్లగానివా అని అది అడగదు." మర్నాడు అవ్వ నూలు చీర కట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర ఫోను, చెవుల దుద్దులు, చివరికి జడపిన్నులు కూడా డబ్బాలో పెట్టించారు. తలుపు పక్కన గోడకు ఒక రాగి రేకు బిగించి ఉంది. ముందు ఆయన దాని మీద అరచేయి ఆనించి, తర్వాత నన్ను ఆనించమన్నారు. ఒంట్లో ఉన్న కరెంటు భూమిలోకి దిగిపోవడానికట. ఏదో దర్గా గడప తాకినట్టు తాకారాయన. నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను.

లోపల రెండు గదులు. ఒకదాంట్లో మందు పెట్టెలు, మరోదాంట్లో దాన్ని రాజేసే డిటోనేటర్లు. ఆ రెండూ ఒకే చేతిలోకి ఎప్పుడూ రాకూడదు. ఒకే బండిలో పక్కపక్కన కూర్చోకూడదు. పెట్టెను ఈడ్చకూడదు, విసరకూడదు. పని జరుగుతున్నంతసేపు ఎవరూ కబుర్లు చెప్పుకోకూడదు. "మాట చెయ్యిని మరిపిస్తది" అనేవారు సాబ్. జట్టులో సమ్మయ్య అని మా పక్క వీధి అతను ఉండేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. నోరు ఊరుకునేది కాదు. ఒక రోజు టీ తాగుతుండగా అడిగేశాడు: "సాబ్, మీరు గింత పరేషాన్ అయితున్నరంటే ఏదో పెద్ద యాక్సిడెంటే చూసుంటరు. ఏం చూసిన్రు?"

మేమందరం చెవులు రిక్కించాం. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఏం చూడలే" అన్నారు.

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ చూడలే. చూసినంక భయపడుడు ఎవలకైనా వస్తది సమ్మయ్యా."

సమ్మయ్యకు ఆ జవాబు రుచించలేదు. నిజం చెప్పాలంటే నాకూ అంతే. ఏ మచ్చా లేని మనిషికి అంత జాగ్రత్త ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ జాగ్రత్త ఎంతటిదో తెలిసింది ఆ ఏడు తొలకరిలో.

ఆ రోజు నలభై దాకా లోతైన రంధ్రాల్లో మందు నింపాం. డిటోనేటర్ల వైర్లు ఒకదానికొకటి కలుపుతున్నాం. ఎండ మాడుతోంది. గోదావరి వైపు ఆకాశం అంచున మాత్రం చిన్న నల్లటి చార. సాబ్ ఉన్నట్టుండి వంగిన నడుము ఎత్తి, చేయి పైకి లేపి నిలబడిపోయారు. మేమూ ఆగాం. నాకేమీ వినిపించలేదు.

"ఉరిమింది. అందరు దిగుండ్రి" అన్నారు.

అప్పుడే కొత్తగా వచ్చిన మేనేజర్ సార్ జీపు దిగి వస్తున్నారు. కుర్రాయన, చెడ్డవాడేం కాదు. "సాబ్, ఇంకా పావుగంట పనే కదా. కలిపేసి పేల్చేద్దాం. వాన పడితే ఇంత మందూ పాడవుతుంది" అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. పొద్దుటినుంచి చేసిన చాకిరీ అది.

సాబ్ గొంతు పెంచలేదు. "పావుగంట మన చేతుల లేదు సార్" అని, నడుచుకుంటూ వెళ్లి జీపు తలుపు తెరిచి పట్టుకున్నారు. "ముందుగాల మీరు ఎక్కుండ్రి."

మేనేజర్ సార్ ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి రంధ్రాల వైపు చూశారు. తర్వాత జీపెక్కారు. సాబ్ ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి ముందు నడిపించి, చివరన తాను కదిలారు. దారుల మీద కాపలా ఉన్నవాళ్లను ఇంకా వెనక్కి జరిపించారు. దూరాన ఉన్న కాంక్రీటు షెల్టర్‌కు చేరుతుండగా సమ్మయ్య ఆగాడు. "టిఫిన్ డబ్బా అక్కడ్నే మర్చిపోయిన. ఉరికి పోయి ఉరికొస్త సాబ్" అంటూనే వెనక్కి తిరిగాడు. సాబ్ అతని మణికట్టు పట్టుకున్నారు. "ఇడువుండ్రి సాబ్, ఎండ కొడుతున్నది గదా! గంతల ఏమైతది?" సాబ్ విడవలేదు. సమ్మయ్య ఆయనకంటే రెండింతల మనిషి. గుంజుకున్నా ఆ పట్టు సడలలేదు.

అంతలో గాలి తిరిగింది. ఎండ ఆరిపోయింది. కళ్ల ముందు తెల్లటి వెలుగు చీలింది. పిడుగు ఎక్కడ పడిందో నేను చూడలేదు. కాళ్ల కింద నేల మాత్రం లేచి పడింది. ఎవరూ మీట నొక్కలేదు, సైరన్ మోగలేదు. మేం నిలబడి పనిచేసిన ఆ రాతి మెట్టు, మా అడుగుల గుర్తులతో సహా, పైకి లేచి దుమ్మయింది. నారింజ రంగు పొగ లేచింది. దాని మీద వాన మొదలైంది.

సమ్మయ్య మణికట్టు ఇంకా సాబ్ చేతిలోనే ఉంది. మేనేజర్ సార్ హెల్మెట్ తీసి వానలో నిలబడిపోయారు. కాసేపటికి, "సాబ్..." అని ఏదో అనబోయారు. "లోపలికి రాండ్రి సార్, తడుస్తున్నరు" అన్నారు రహీం సాబ్. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ, నేను చెప్పలేదా అన్న మాట ఆయన నోట రాలేదు.

కానీ నన్ను ఈనాటికీ వణికించేది పిడుగు కాదు. ఆ తర్వాత జరిగింది. మొత్తం రంధ్రాలు పేలాయో లేదో తెలియదు. పేలనివి రాళ్ల కింద ప్రాణంతో ఉంటాయి. ఉరుములు పూర్తిగా ఆగి, పొగ పోయి, ఆగాల్సినంతసేపు ఆగాక సాబ్ లేచారు. "మేము గూడ వస్తం" అన్నాం.

"ఒక్కని పనికి ఇద్దరెందుకు?" అన్నారు. అంతే.

షెల్టర్ నుంచి చూస్తున్నాను. ఆ గుట్టలైన తడి రాళ్ల మధ్య ఆ చిన్న మనిషి. ఒక అడుగు వేసి ఆగేవారు. వంగి చూసేవారు. మళ్లీ ఒక అడుగు. మందు పేలకుండా మిగిలిన మూడు చోట్ల ఎర్ర జెండాలు పాతారు. రెండో జెండా దగ్గర చాలాసేపు కూర్చున్నారు. ధైర్యమంటే ఎదురెళ్లడమని అప్పటిదాకా అనుకునేదాన్ని. మధ్యాహ్నం ఎండలో అందరికంటే ముందు వెనక్కి తగ్గుదామన్న మనిషి, ఇప్పుడు అందరి బదులు ఒక్కడే ముందుకు వెళ్లాడు. రెండింటిలోనూ ఆయన నడక ఒకటే. తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని, ఆలస్యమైన నమాజు షెల్టర్ వెనక చదువుకున్నారు. మరునాడు పొద్దున ఆ మూడింటి సంగతి తీరేదాకా ఆ చుట్టుపక్కలకు ఎవరినీ రానివ్వలేదు.

ఆయన రిటైరైన కొన్నేళ్లకు, పోయిన చలికాలం, నిద్రలోనే పోయారు. సమ్మయ్యతో కలిసి నస్పూర్ వెళ్లాను. సమ్మయ్య చిన్నకూతురు కూడా వచ్చింది. ఆ తొలకరి తర్వాత పుట్టిన పిల్ల. లోపల ఆడవాళ్ల మధ్య రహీం సాబ్ భార్య, మేం చాచీ అని పిలిచే ఆవిడ, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా చేయి పట్టుకుని మెల్లగా అంది:

"డ్యూటీ దిగి రాంగనే ముందుగాల చేతులు చూసేదాన్ని బిడ్డా. పది వేళ్లు ఉన్నయా అని. తర్వాతనే మొఖం చూసేదాన్ని. నౌకరీ ఉన్నన్నాళ్లు గంతే. ఇయ్యాల పొద్దుగాల మొఖం ఒక్కటే చూసిన."

ఇప్పుడు ఆ జట్టు నా చేతిలో ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయన అలవాటుగా అడుగుతాడు, "ఇయ్యాల ఏమైంది?" అని. ఒకప్పుడు విసుగ్గా, చెప్పులు విడుస్తూ జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు ఒక్క క్షణం నిలబడి, అతని కళ్లలోకి చూసి చెబుతాను.

"ఏం కాలే" అంటాను.