మాటలు: షంషున్నీసా

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో ఎండ మెత్తబడుతుంది. కిటికీ తెరల సందుల్లోంచి వెలుగు పసుపు నీళ్లలా హాల్లోకి పారుతుంది. ఆ వేళకు మోజా ముసలమ్మ గోడకానుకుని కాళ్లు చాపుకుని టీవీకి ఎదురుగా కూర్చునేది. పక్కన కహ్వా కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల పళ్లెం పెట్టుకుని షంషున్నీసా కూర్చోవాల్సిందే. టీవీలో వచ్చేది అరబ్బీలోకి మార్చిన టర్కీ సీరియల్. పెద్ద పెద్ద మేడలు, మంచు, గుర్రాలు, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని కిటికీల దగ్గర నిలబడే ఆడవాళ్లు. మోజా చూపు పదును. చెవులే దెబ్బతిన్నాయి. ఒకటి పూర్తిగా పోయింది, రెండోది దగ్గరికొచ్చి గట్టిగా చెబితే తప్ప అందుకోదు. చెవి మిషను పెడితే తలలో తేనెటీగలు తిరుగుతున్నాయని తీసి పారేసింది.

"ఏమంటున్నాడు వాడు?" అని అడిగింది ఒకరోజు. షంషున్నీసా ఆ ఇంట్లో పనికి చేరిన కొత్తలు అవి.

షంషున్నీసాకు ఏం తెలుసు? ఆమెకు వచ్చింది వంటింటి అరబ్బీ. అన్నం, నీళ్లు, ఇస్త్రీ, తొందరగా, రేపు. తెర మీద మీసాలాయన గడగడా అంటున్నదాంట్లో ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ ఆ ముఖం మాత్రం ఎరిగిన ముఖమే. రాయచోటిలో చిన్నాయన, అలిగి పుట్టింటికి పోయిన పెళ్లాన్ని పిలుచుకు రావడానికి వెళ్లి, గడప దాటలేక నిలబడినప్పుడు అచ్చం అలాగే ఉన్నాడు.

ముసలమ్మ మంచి చెవి దగ్గరికి వంగి, వచ్చిన నాలుగు మాటలూ కూడదీసుకుని చెప్పింది. "ఇంటికి రా అంటున్నాడు. అన్నం నేనే వండిపెట్టినా అంటున్నాడు."

"వీడా? వీడు వండాడా!" మోజా పడీ పడీ నవ్వింది. "ఉప్పు వేశాడో లేదో చూసి చెప్పు."

అలా మొదలైంది.

నిజానికి ఆ పని ఆమెకు కొత్తేమీ కాదు. పెళ్లికి ముందు రాయచోటిలో చింతపండు కొట్టే షెడ్డుకు పోయేది. ఊళ్లోకి కొత్త సినిమా వస్తే ఆడవాళ్లందరికీ పోను కుదరక షంషున్నీసాను పంపేవాళ్లు. మర్నాడు గింజలు తీస్తూ ఆమె చేత కథ చెప్పించుకునేవాళ్లు. చివర నచ్చకపోతే ఊరుకునేవాళ్లు కాదు. "ఆ పిల్లను ఊరికే సంపేస్తారా? మార్చమ్మే" అనేవాళ్లు. షంషున్నీసా మార్చేది. తర్వాత వాళ్లల్లో ఎవరైనా సినిమాను నిజంగా చూసొస్తే, కథ తప్పుగా తీశారని హాలువాళ్లనే తిట్టేవాళ్లు.

ఆ తర్వాత పెళ్లి. లారీ తోలేవాడు. పిల్లలు కలగలేదు. అతను మదనపల్లెలో వేరే కాపురం పెట్టుకున్నాక ఆమె తల్లి దగ్గరికి వచ్చేసింది. అక్కణ్ణించి మస్కట్ దారి, ఆ జిల్లాలో చాలామంది ఆడవాళ్లు నడిచిన దారే.

మోజా ఆమెను 'షంస్' అనేది. వాళ్ల భాషలో సూర్యుడు. ఇంటి ఆడవాళ్లను అమ్మా అనే అర్థంలో 'మామా' అనాలంటే షంషున్నీసాకు మొదట్లో నోరు తిరగలేదు, మేనమామను పిలిచినట్టుండేది. తర్వాత అలవాటైంది. ఏళ్లు గడిచేకొద్దీ అరబ్బీ కూడా అబ్బింది. ఇప్పుడు టీవీలోని మాటలు సగానికి పైగా తెలుస్తున్నాయి. తెలిశాక అవి చప్పగా ఉన్నాయనిపించింది. 'నువ్వు లేక బతకలేను' అని వాళ్లంటే, షంషున్నీసా ముసలమ్మ చెవిలో 'నువ్వు పోయినాక నీ చెప్పులు బయట పెట్టలేదు, ఎండకు పాడైపోతాయని' అని చెప్పేది. మధ్యాహ్నం కునుకు పడితే చాలు, ఆ మేడల మనుషులంతా ఆమె కలలోకి వచ్చేవాళ్లు. టర్కీ పాషా రాయచోటి బస్టాండులో గుర్రం దిగి, బజ్జీలు యాడ దొరుకుతాయని తెలుగులో అడిగేవాడు. మెలకువ వచ్చాక ఆ హాలు, ఆ పసుపు వెలుగు, పక్కన గురక పెడుతున్న మోజా, అన్నీ ఆ కలకే కొనసాగింపులా ఉండేవి.

మోజా మనవరాలు అజీజా యూనివర్సిటీలో సినిమా, టీవీ చదువు చదివేది. ఒకరోజు క్లాసు లేక ఇంట్లో ఉండి, వెనక నిలబడి ఇదంతా విన్నది.

"షంస్! అతను అలా అనలేదే!"

షంషున్నీసా ఫ్లాస్కు కింద పెట్టేసింది. పని పోయినట్టే అనుకుంది. ఇన్నేళ్లుగా పెద్దమనిషిని మోసం చేసిందని రేపు అర్బాబ్‌కు, అంటే ఇంటి యజమానికి, చెబితే?

ముసలమ్మకు మనవరాలి మాట వినబడలేదు గానీ ఇద్దరి ముఖాలూ చూసి సంగతి పట్టేసింది.

"నా కళ్లకేం రోగం పిల్లా? పుట్టినప్పటి నుంచీ మనుషుల ముఖాలు చూస్తున్నా. టీవీలో వాడు ఏమంటాడో ఎవరైనా చెప్పగలరు. షంస్ ఏం చెబుతుందో నాకు తెలియదు. అందుకే అడుగుతా. నువ్వు అడ్డం లే."

ఖర్జూరపు గెలలు ఎర్రబడే కాలంలో మోజా నిద్రలోనే పోయింది. దుఃఖదినాలు గడిచాక అజీజా తండ్రి షంషున్నీసాను పిలిచి మంచిగానే చెప్పాడు. "మా అమ్మను నీలా ఎవరూ చూడలేదు. ఎప్పుడు పోతానంటే అప్పుడు టికెట్టు తీయిస్తాను." ఆమె తల ఊపింది. కానీ అసర్ అయ్యేసరికి కాళ్లు వాటంతటవే హాల్లోకి నడిచేవి. సౌండు తీసేసి టీవీ పెట్టుకుని, ఖాళీ మెత్త పక్కన కూర్చునేది. పెదాలు కదిలేవి. వినేవాళ్లు లేరు.

అలా ఉండగానే అజీజా వచ్చి పక్కన కూర్చుంది. "చదువు ముగిసేలోపు నేనొక చిన్న సినిమా తీయాలి. నా దగ్గర కెమెరా ఉంది, కథ లేదు. నువ్వు చెప్పు షంస్."

"మామాను మాత్రం పెట్టగూడదు."

"పెట్టను."

షంషున్నీసా చెప్పింది. పక్కపక్క ఇళ్లల్లో ఇద్దరు పనిమనుషులు. నడుమ గోడ. ఒకరినొకరు చూసింది లేదు. కహ్వాలోకి ఒకామె ఏలకులు దంచుతుంటే, ఆ చప్పుడుకు జవాబుగా అవతలామె దంచుతుంది. దంచే తీరును బట్టి ఈ పొద్దు ఆమెకు కోపమా, సంతోషమా, తెలిసిపోతుంది. ఒకరోజు అవతల చప్పుడు రాదు. అంతే కథ. అది షంషున్నీసాకు, పక్కింట్లో వంట చేసే ప్రొద్దుటూరు రామసుబ్బమ్మకు మొదటి ఏడాది జరిగిందే. ఇద్దరి మనసుల్లో మాటలన్నీ ఆమె వరసగా చెబుతుంటే అజీజా ఫోనులో రికార్డు చేసుకుంది.

ఆ ఏడాది వాళ్లకు పాఠాలు చెప్పడానికి కెనడా నుంచి మార్గో అనే ఆమె వచ్చింది. జుట్టంతా నెరిసిన మనిషి. సగం తయారైన సినిమా చూసి, ఈ కథ ఎవరిదని అడిగి, తనే ఇంటికి వచ్చింది. అజీజా మధ్యలో కూర్చుని ఇద్దరి మాటలూ అటూ ఇటూ మార్చి చెప్పింది. మార్గో మంచు పడే ఊళ్లో పిల్లల బొమ్మలాటకు మాటలు రాయడంతో మొదలుపెట్టిందట. తర్వాత పోలీసు సీరియళ్లు, ఆసుపత్రి సీరియళ్లు, రెండు సినిమాలు. "తెర మీద నా పేరు పడేసరికి జనం నీళ్లు తాగడానికి లేచేవాళ్లు" అని నవ్వింది. మాటలు రాయడమే ఒక మనిషికి బతుకంతా సరిపడే పని కావొచ్చని షంషున్నీసాకు అప్పటిదాకా తెలియదు. మోకాలి లోతు మంచులో ఒకామె మాటలు ఏరుకుంటూ నడుస్తున్నట్టు ఊహించుకుంది.

ఇంతలో మార్గో ముఖం సీరియస్ అయింది. "మీ కథలో ఇద్దరు ఆడవాళ్లూ లోపల అనుకునేదంతా పైకి చెప్పేస్తున్నారు. ఆ మాటలన్నీ తీసేయాలి."

"అన్నీనా?"

"మోజా సంగతి అజీజా చెప్పింది. చెవులు వినబడని మనిషికి చెప్పి చెప్పి నీకు అలవాటైంది. ఈ సినిమా చూసేవాళ్లకు దంచే చప్పుడు వినబడుతుంది. చాలు."

ఆమె పోయాక షంషున్నీసాకు రెండు రోజులు ఒకటే ఆలోచన. మాటలన్నీ తీసేస్తే తను చేసిందేముంది? అజీజాతో అనేసింది కూడా, "నా పేరు కూడా తీసేయి పాపా, సరిపోతాది" అని. అజీజా మాటలు తీసేసింది, పేరు ఉంచింది.

యూనివర్సిటీ హాల్లో సినిమా వేసిన సాయంత్రం రామసుబ్బమ్మ కూడా సెలవడిగి వచ్చింది. చీకట్లో పక్కపక్కన కూర్చున్నారు. తెర మీద గోడ, రోలు, చెయ్యి. దంచుడు, జవాబు దంచుడు. తర్వాత అవతల చప్పుడు ఆగిపోయింది. ఇవతలామె చెయ్యి రోకలి మీద అలాగే ఉండిపోయింది.

రామసుబ్బమ్మ షంషున్నీసా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ పొద్దు నీ రోలు పలకకపోయేతలికి, జొరమొచ్చిందేమోనని నాకు అన్నం సయించలేదమ్మే" అని గుసగుసగా అంది.

షంషున్నీసా ఉలిక్కిపడి చూసింది. రామసుబ్బమ్మకు ఆ సినిమా కథ ముందుగా ఎవరూ చెప్పలేదు. కత్తిరించి పారేసిన మాటల్లో అది కూడా ఒకటి, తను దాదాపు అలాగే చెప్పింది. తీసేసిన మాట ఎక్కడికీ పోలేదు, చూసేవాళ్ల నోట్లోకి వచ్చి కూర్చుంది. చివర్లో తెర మీద అరబ్బీ అక్షరాలు కదిలాయి. చిన్నప్పుడు ఖురాను చదివిన కళ్లతో షంషున్నీసా కూడబలుక్కుని చదివింది. మాటలు: షంషున్నీసా. ఎవరూ నీళ్ల కోసం లేవలేదు.

చదువు అయ్యాక అజీజా మస్కట్‌లోనే అల్ ఖువైర్‌లో సీరియళ్లు తీసే ఒక చిన్న కంపెనీలో చేరింది. రంజాను నెలలో వేసే సీరియల్‌లో పనిమనిషి పాత్రకు మాటలు కుదరడం లేదంటే షంషున్నీసాను తీసుకుపోయింది. ఆమె చెబుతుంది, అజీజా దాన్ని అచ్చమైన ఒమానీ పలుకుబడిలోకి మార్చి రాస్తుంది. మొదట్లో పనిమనిషి ఒక్కతే ఆమెది. పోనుపోను పక్కింటి అత్తలు, ముసలివాళ్లు, అలిగిన మగవాళ్లు కూడా ఆమె వంతుకు వచ్చారు. పాత అర్బాబ్ సంతకం పెట్టి పంపాడు, ఆమె వీసా కంపెనీ పేరు మీదికి మారింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే హమ్రియాలో రూమ్ తీసుకుంది.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. రెండో సీరియల్ మధ్యలో ఆగిపోయింది. రాసే పని లేని ఆ కాలమంతా షూటింగు వాళ్లకు వంట చేసింది. అన్నం వడ్డిస్తూనే నటులు ఎలా తింటారో, ఎవరు ఎవరి పక్కన కూర్చోరో గమనించింది. మూడో సీరియల్‌లో ఆ సంగతులన్నీ పనికొచ్చాయి. అప్పుడప్పుడూ మార్గో కెనడా నుంచి అజీజా ఫోనుకు వాయిస్ పంపుతుంది. ఎక్కువగా 'ఇంకా తగ్గించు' అనే.

ఈ చలికాలం కంపెనీ ఆమెను మొదటిసారి సొంతంగా ఒక కథ చెప్పమంది. శుక్రవారాలు షంషున్నీసా హమ్రియా వీధుల్లో తిరుగుతోంది. నిర్మల్ నుంచి వచ్చి సైట్‌లో పనిచేసే ఓంకార్ అనే అతను టీ కొట్టు దగ్గర ఎప్పుడూ ఒక కల చెబుతుంటాడు. తను కట్టిన బిల్డింగులన్నీ పొద్దున్నే పొగమంచులో పడవల్లా కదిలి సముద్రంలోకి పోతాయట, తను ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతాడట.

"తర్వాత ఏమైతాది అన్నా?" అని అడిగింది మొన్న.

"ఏమైతది? మెలకువైతది. డ్యూటీకి పోత."

షంషున్నీసా టీ గ్లాసు పట్టుకుని కొండల వైపు చూసింది. హజర్ కొండల మీద పొద్దుటి మంచు ఇంకా విడిపోలేదు. ఓంకార్‌కు మెలకువ రాకముందు ఆ పడవల్లో ఎవరెవరు ఎక్కారో అడగాలనుకుంది. పక్కకు జరిగి, అతనికి కూర్చోవడానికి చోటిచ్చింది.