నల్లపొట్టేలు పబ్బులో పంటినొప్పి వంతులు

స్కెల్‌థార్ప్ సంతవీధిలో నల్లపొట్టేలు అనే పబ్బు ఉండేది. దాని చరిత్ర ఎవరు చెప్పినా మూడు అబద్ధాలతో మొదలుపెడతారు. ఒక రాజుగారు పారిపోతూ అక్కడ తలదాచుకున్నాడట. నేలమాళిగ నుంచి చర్చి దాకా సొరంగం ఉందట. మేడ మీద తలలేని బండివాడు తిరుగుతాడట. పారిపోయే రాజులకు ఇంకెక్కడా చోటు దొరకనట్టు మా దేశంలో ప్రతి పబ్బుకీ ఒక రాజు ఉంటాడు. నిజం మాత్రం ఎవరికీ పట్టదు. అది గొర్రెలవాళ్ళు సంతరోజున బురదకాళ్ళతో వచ్చి, తాగి, తమ కుక్కల పక్కనే పడి నిద్రపోయిన చోటు. చివరికి బేరాలు లేక మూతపడింది. ఎవరో కొని పళ్ళ ఆసుపత్రి చేశారు. పాత కట్టడం కాబట్టి లోపలిదేదీ కదపడానికి వీల్లేదన్నారు అధికారులు. దాంతో గుమ్మం మీద పొట్టేలు బొమ్మ, పొయ్యి, చెక్కబల్లలు, బీరు పోసే కౌంటరు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కౌంటరు వెనక పాతికేళ్ళు బీరు పోసిన మేవిస్ కూడా ఉండిపోయింది. ఇప్పుడు రోగుల పేర్లు రాసుకుంటుంది.

ఈ మార్పుకి అందరికన్నా దిగాలుపడ్డవాడు క్లిఫర్డ్ బ్లెంకిన్. గొర్రెల సంతలో దొడ్ల తలుపులు తీయడం, వేయడం, ఇదీ ఆయన చేసిన ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. ఇంటికి నిద్రపోవడానికే వెళ్ళేవాడు. మిగతా బతుకంతా నల్లపొట్టేలులో, పొయ్యి పక్కన, లెన్ ఆడీ, సిరిల్ విన్‌షిప్ అనే ఇద్దరు స్నేహితుల మధ్య గడిచింది. పబ్బు పోయాక ముగ్గురూ కాఫీ దుకాణానికి వెళ్ళి చూశారు. అక్కడ ఎవరి కుర్చీలో ఎవరైనా కూర్చుంటారు, సిగ్గూ ఎగ్గూ లేదు. లైబ్రరీలో నోరెత్తనివ్వలేదు. ఆ నెలంతా క్లిఫర్డ్ గోడలతో మాట్లాడుకున్నాడు.

అప్పుడు లెన్‌కి నిజంగానే పన్ను నొప్పి పుట్టింది. ధైర్యం చెప్పడానికి ఇద్దరూ వెంట వెళ్ళారు. పాత బల్లల మీద, పాత చోట్లలోనే కూర్చున్నారు. మేవిస్ చూసి, "ఏం అబ్బాయిలూ, ఎన్నాళ్ళకెన్నాళ్ళకు!" అంది. అంతే, ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది.

"మళ్ళీ గురువారం కూడా వద్దాంరా," అన్నాడు క్లిఫర్డ్.

"ఊరికే వస్తే కూర్చోనివ్వరు. ఎవడో ఒకడికి నొప్పి ఉండాలి," అన్నాడు లెన్.

"అయితే వంతులేసుకుందాం. రౌండ్లలాగే."

పబ్బు ధర్మం తెలిసినవాళ్ళకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఒకరి తరవాత ఒకరు అందరికీ బీరు కొనాలి. తన రౌండు ఎగ్గొట్టినవాడు మనిషి కాదు. అలా చూస్తే సిరిల్ విన్‌షిప్ ఏనాడూ మనిషి కాదు. తన రౌండు వచ్చేసరికి వాడికి బూటు లేసు ఊడేది, లేకపోతే పాయిఖానా గుర్తొచ్చేది. రెండో గురువారం వాడి వంతు వచ్చింది. మేవిస్ పేరు పిలిచేసరికి పాయిఖానాలో దూరాడు. పాపం లెన్ మళ్ళీ లోపలికెళ్ళి, ఏ పాపం ఎరగని పన్నుకి సిమెంటు పెట్టించుకొచ్చాడు.

"వచ్చే వారం నీదేరా క్లిఫర్డ్," అన్నాడు దవడ పట్టుకుని.

క్లిఫర్డ్ గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆయన నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

మా వైపు ఒకప్పుడు ఒక ఆచారం ఉండేది. ఇరవయ్యొకటో పుట్టినరోజుకి పళ్ళన్నీ పీకించి, పెట్టుడు పళ్ళు కానుకగా ఇచ్చేవాళ్ళు. ఇక జన్మలో పంటి బాధ ఉండదని. క్లిఫర్డ్‌కి వాళ్ళ మేనత్త ఆ కానుక ఇచ్చింది. దాన్ని దాచుకోవలసిన పనేమీ లేదు. కానీ మేవిస్ పనిలో చేరిన రోజున ఆయన నవ్వు చూసి, "అబ్బ, ఎంత చక్కటి పళ్ళో!" అంది. "అన్నీ నా సొంతమే," అనేశాడు. ఆ ఒక్క మాటకోసం పాతికేళ్ళు అష్టకష్టాలు పడ్డాడు. పెట్టుడు పళ్ళకు లొంగని వేయించిన పంది తోలు ముక్కలు బల్ల మీదికొస్తే, మెథడిస్టులం, మాకు నిషేధం అనేవాడు. మెథడిస్టులకు అసలు నిషేధం మద్యమే అయినా, పింటు గ్లాసుడు బీరు చేత్తో పట్టుకుని మరీ అనేవాడు.

ఇప్పుడు లోపలికెళ్తే మేవిస్‌కి తెలిసిపోతుంది. వెళ్ళకపోతే రౌండు ఎగ్గొట్టినవాడవుతాడు, ఇక ఆ బల్ల మీద కూర్చోవడానికి మొహం చెల్లదు. ఆ వారం ఆయనకి తిండి సహించలేదు.

గురువారం వచ్చింది. "క్లిఫర్డ్ బ్లెంకిన్, ఇక లోపలికి పద నాయనా," అని మేవిస్ పిలిచింది.

క్లిఫర్డ్ లేవబోయాడు. బల్ల అంచు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఈ రౌండు నాది," అన్నారెవరో.

చూస్తే సిరిల్! లెన్ నోరు తెరిచాడు, మూయడం మరిచిపోయాడు. సిరిల్ వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ క్లిఫర్డ్ చెవిలో ఊదాడు. "నాకు తెలుసులేరా. ఒకసారి తాగి నీ పళ్ళు నా గ్లాసులో పడేసుకున్నావు. నేనే తీసి నీ కోటు జేబులో పెట్టా. మేవిస్‌కి తెలీకూడదు, అంతేగా?"

అని లోపలికెళ్ళాడు. కాసేపటికి "అమ్మో!" అని కేక వినిపించింది. ఇంకాసేపటికి నోటినిండా దూదితో బయటికొచ్చాడు. డాక్టరమ్మ వెతికి వెతికి వెనక దవడ పన్ను ఒకటి పుచ్చిందని తేల్చి పీకేసిందట. పైగా బిల్లు కూడా కట్టించుకుంది. సిరిల్ జేబులోంచి డబ్బు బయటికి రావడం చూసి మేవిస్ వాన పడుతుందేమోనని కిటికీలోంచి ఆకాశం వంక చూసింది.

క్లిఫర్డ్‌కి ఎర్రబడ్డ ఆ దూది కనిపించింది. తన అబద్ధానికి ఇంకొకడి నోట్లోంచి నెత్తురు కారుతోంది. సిగ్గేసింది. కౌంటరు దగ్గరికి నడిచాడు. నోట్లోంచి పళ్ళు తీసి, పైవరసా కిందివరసా, మేవిస్ ముందు పెట్టాడు.

"మేవిస్, ఇవి నావి కావు. నీకు అబద్ధం చెప్పాను." అనబోయాడు. తీరా పళ్ళు లేని నోట్లోంచి వచ్చింది మాత్రం అంతా గాలే.

మేవిస్ పళ్ళ వంక చూసింది. "తెలుసు నాయనా. నువ్వు నవ్వితే అవి ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాయి. ఈ వూళ్ళో తెలియనివాళ్ళు ఎవరున్నారు?"

"నాకూ తెలుసు," అన్నాడు లెన్.

సిరిల్ చెంప పట్టుకుని లేచాడు. దూదిలోంచే అరిచాడు. "మరైతే నా పన్ను ఎందుకు పోయినట్టురా!"

లెన్ పగలబడి నవ్వాడు. మేవిస్ కౌంటరు మీద తల వాల్చి నవ్వింది. డాక్టరమ్మ తలుపు తీసి తొంగిచూసింది. క్లిఫర్డ్ ఒక్కడే నవ్వలేదు. సిరిల్ దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాకోసం పోయిందిరా," అన్నాడు బోసినోటితో.