ఆమె నా అంకె అడగని రెండు వసంతాలు

జనవరి చివరి వారంలో ఒక పొద్దున, టాటీబంధ్‌లో మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు షట్టరు ఎత్తి ఇంకా కుర్చీలో కూర్చోలేదు, ఫోను మోగింది. సిస్టర్‌గారి చెల్లెలి కూతురు. "బాబాయ్‌గారూ, పెద్దమ్మ పొద్దున ప్రార్థనకి లేవలేదండీ. వెళ్ళి లేపాను. లేవలేదు." ఆ మాట చెప్పి ఏడ్చింది. నేను "సరే" అన్నాను. సరే అనడం ఏమిటో నాకే తెలియదు. షట్టరు దించాను, మళ్ళీ ఎత్తాను, స్కూటరు తాళంచెవి కోసం సొరుగులన్నీ లాగాను. అది నా చేతిలోనే ఉంది.

రాయపూర్ మోవా పేటలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఆమె ఎవరో చెప్పనక్కర్లేదు. మీలో సగం మందికి ఆమె సూది వేసే చెయ్యి తెలుసు. మిగిలినవాళ్ళ కోసం చెబుతాను. భీమవరం వైపు నుంచి ఇరవై దాటగానే నర్సు ఉద్యోగానికి రాయపూర్ వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మా ఎదురింట్లో చెల్లెలి కూతురి దగ్గర ఉన్నారు. వీధిలో హిందీవాళ్ళంతా "సిస్టర్ దీదీ" అని పిలిచేవారు. "ఒక్కసారి అక్క అంటే చాలదా వీళ్ళకి? రెండు భాషల్లో రెండుసార్లు అనాలా?" అని ఆమె నవ్వేవారు.

మా అమ్మ ఆఖరి ఏడాది మంచంలో ఉన్నప్పుడు ఆమె రోజూ వచ్చి పుళ్ళకు కట్టు కట్టేవారు. అమ్మ పోయాక నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఆదివారం వస్తే మరీను. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. రెండు మూడు వారాలు తన వరండాలోంచి చూసి, ఒకరోజు గేటు దగ్గర ఆపారు.

"అబ్బాయ్, ఎటూ తిరుగుతూనే ఉన్నావు కదా. ఆ తిరుగుడేదో నన్ను బండెక్కించుకుని తిరుగు."

అప్పటికి నాకు నలభై దాటాయి. చివరిదాకా ఆమెకు నేను అబ్బాయే.

అలా మొదలైంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి ఆదివారం తెల్లవారకముందే బయల్దేరేవాళ్ళం. టాటీబంధ్ కూడలిలో లారీల మధ్య నుంచి దూరి, ఖారున్ నది ఒడ్డుకు చేరేవాళ్ళం. అక్కడ నది పక్కకు మళ్ళి నిలిచిపోయిన చోట పెద్ద చిత్తడి ఉంది. జమ్ము, తుంగ, మోకాలిలోతు నీళ్ళు. అటవీశాఖవాళ్ళు కంచె వేసి, పక్షుల కోసం వదిలిన నేల అని బోర్డు పెట్టి, ఒక కాపలాదారుకు చిన్న గది కట్టించారు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చిన బాతులు ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి. వెళ్ళే ముందు అన్నీ ఒకచోట చేరతాయి. ఆమెకు కావలసింది ఆ కొద్ది వారాలే. తొమ్మిదింటికి చర్చిలో ఉండాలి కాబట్టి ఎనిమిదికల్లా తిరుగు ప్రయాణం. చెప్పులకు బురదతోనే గుడిలోకి వెళ్ళేవారని ఫాదర్‌గారు ఒకసారి నవ్వుతూ నాతో ఫిర్యాదు చేశారు.

చిత్తడికి ఎప్పుడూ మట్టిరంగు చీరే. తెలుపు కనిపిస్తే బాతులు లేచిపోతాయట. "ముప్పై అయిదేళ్ళు తెలుపే కట్టాను. ఇప్పుడు పిట్టలు కూడా వద్దంటున్నాయి, మంచిదే." టిఫిన్ డబ్బాలో మరమరాలు, వేయించిన శనగలు తెచ్చేవారు. ఒకసారి నేను ఉడికించిన గుడ్లు తెస్తే డబ్బా మూత తీయనివ్వలేదు. "వాళ్ళింటికొచ్చి వాళ్ళ ముందే గుడ్లు తింటామా? సిగ్గుండాలి."

లెక్క పెట్టడానికి ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఇద్దరం గట్టు మీద పక్కపక్కనే నిలబడాలి. ఒకే నీటిని చూడాలి. ఒక్క మాట మాట్లాడకూడదు. ఎవరి అంకె వాళ్ళు చీటీ మీద రాసి మడవాలి. తర్వాత కాపలాదారు గదిలో రెండు చీటీలూ విప్పి, రెండు అంకెలూ రిజిస్టరులో పక్కపక్కన ఎక్కించాలి. అంకెలు కలవకపోతే కలపకూడదు. "ముందు ఒకరు నోరు తెరిస్తే రెండోవాళ్ళ కళ్ళు చెడిపోతాయి" అనేవారు. ఆసుపత్రిలో నాడి చూసేటప్పుడు కూడా ఆమె తనకంటే ముందున్న నర్సు రాసిన అంకె చూసేవారు కాదట.

నాకు ఇది మొదట్లో చిరాకుగా ఉండేది. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. లెక్కలు రాయడం ఆఫీసులో చూసి నేర్చుకున్నాను, తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. వచ్చిన లారీలూ వెళ్ళిన లారీలూ సరిపోనిదే నేను ఇంటికి వెళ్ళలేను. పక్కపక్కన రెండు వేర్వేరు అంకెలు రాసి పుస్తకం మూసేయడం నా చేతికి అలవాటు లేని పని. అయినా చాలా ఏళ్ళు రాశాను. మా అంకెల మధ్య తేడా పదో పదిహేనో ఉండేది, అంతే.

ఒక ఫిబ్రవరిలో చీటీలు విప్పితే నా అంకెకు ఆమె అంకె సగమే ఉంది. కాపలాదారు రెండుసార్లు చూసి ఎక్కించాడు. తిరుగుదారిలో టాటీబంధ్ దగ్గర బండి ఆగినప్పుడు వెనకనుంచి మెల్లిగా అన్నారు, "ఇక నేను దేనికీ పనికిరాను అబ్బాయ్."

ఆ వారమంతా ఆ మాట నన్ను తినేసింది. తర్వాతి ఆదివారం ఆమె పెన్ను కదలడం పక్కచూపుతో చూశాను. నా చీటీ మీద ఆమె అంకెకు దగ్గరగా ఒకటి రాశాను. నిజం అంకె మాత్రం ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. రోజువారీ సంగతులు డైరీలో ఎక్కించకుండా ఉండడం నాకు చేతకాదు.

చీటీలు విప్పగానే ఆమె ముఖం విచ్చుకుంది. "చూశావా? తగ్గింది పిట్టలు, నా కళ్ళు కాదు!" అన్నారు. పిట్టలు తగ్గితే సంతోషించే మనిషి కాదు ఆమె. ఆ సంతోషం దేనికో నేను అప్పుడు ఆలోచించలేదు. తిరిగొచ్చేటప్పుడు దారంతా కీర్తన పాడారు. మంచిపని చేశాననుకున్నాను.

ఆ వసంతమంతా అలాగే రాశాను. మరుసటి వసంతం కూడా. కాపలాదారు రిజిస్టరులో అంకెలు చూసి విచారంగా "ఏసో చిరై మన కమ్ ఆయిన్ దీదీ" అనేవాడు, ఈ ఏడు పిట్టలు తక్కువొచ్చాయని. ఆమె తల ఊపేవారు. నీటి మీద నా కళ్ళ ముందు నిండుగా బాతులుండేవి.

ఆ వానాకాలంలో ఆమె సొంత ఇంటి గుమ్మానికే రెండుసార్లు గుద్దుకున్నారు. చెల్లెలి కూతురు కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కాలా మోతియా, అంటే గ్లకోమా, అన్నారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, పక్కలనుంచి చూపు కొద్దికొద్దిగా పోతుంది, మనిషికి తెలియదు. పోయింది తిరిగి రాదు, మిగిలింది మందుచుక్కలతో నిలబెట్టవచ్చు. ఏడాది ముందు వచ్చి ఉంటే చాలా మిగిలేదని డాక్టరు అన్నాడట.

మర్నాడు సాయంత్రం నన్ను పిలిపించారు. వరండాలో కూర్చుని ఉన్నారు. కూర్చోమనలేదు.

"నీకు కళ్ళజోడు ఉందా అబ్బాయ్?"

"లేదండీ."

"రోడ్డు అవతల లారీ నంబరు చదవగలవా?"

"చదవగలనండీ."

"మరి నా కళ్ళు సగం పోతే, నీ కళ్ళు కూడా సగం పోయాయా?"

"మీరు బాధపడుతున్నారని..." అన్నాను.

"బాధపడనివ్వాల్సింది. బాధపడి ఉంటే ఆసుపత్రికి పోయేదాన్ని." గొంతు పెంచలేదు. వార్డులో చెప్పినట్టే చెప్పారు. "నర్సుని నేను. ఆ తేడా చూసి అప్పుడే అనుమానం వచ్చింది. ఇంకో వారం చూద్దామనుకున్నాను. నీ చీటీ చూసి ఊరుకున్నాను. అసలు అంకెలు ఎక్కడైనా ఉన్నాయా, మింగేశావా?"

"డైరీలో ఉన్నాయండీ."

"ఉంటాయి. దొంగ లెక్క ఒకచోట, అసలు లెక్క ఒకచోట. పక్కా మునీమ్‌వి, షావుకారు గుమాస్తావి."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు. "అది తర్వాత. ముందు దిద్దు."

వానలోనే వెళ్ళాం. ఆమె ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకున్నారు. కాపలాదారు రిజిస్టరు ఇవ్వనన్నాడు. "సరకారీ రజిస్టర్ మ కాట్-పీట్ ఝన్ కరవ" అని, ప్రభుత్వం పుస్తకంలో కొట్టివేతలు కుదరవని మొండికేశాడు. "కాట్-పీట్ నహీఁ భయ్యా, సుధార్ హై" అని, ఇది కొట్టివేత కాదు దిద్దుబాటని చెప్పి, ఆమే పుస్తకం లాక్కుని నా ముందు పెట్టారు. ఎలా దిద్దాలో చెప్పారు. చెరపకూడదు, నల్లగా పులమకూడదు. ఒకే గీత కొట్టాలి, కిందిది చదవడానికి రావాలి. పక్కన సరైన అంకె, సంతకం. "పేషెంటు చార్టులో ఇలాగే దిద్దుతాం. తప్పు జరిగిందని తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలి." రెండు వసంతాల అంకెలూ అలా దిద్దాను. ఆఖరికి ఆమె పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తన అంకెల కింద "చూపు సరిగా లేదు" అని రాసి సంతకం చేశారు.

నన్ను దూరం పెట్టలేదు. అది ఇంకా కష్టమైంది. ఫిబ్రవరి రాగానే, "బండి తియ్యి" అన్నారు. గట్టు మీద సంచీ పరుచుకుని కూర్చునేవారు. అప్పటికి ఆమె చూపు గొట్టంలోంచి చూసినట్టు అయింది. "ఒక్కో పిట్టనే చూడగలను. మంద కనపడదు" అనేవారు. అందుకని రెండో చీటీ కాపలాదారుకు అప్పజెప్పారు. నేనూ అతనూ లెక్కపెట్టేవాళ్ళం. అయ్యాక ఎన్ని వచ్చాయని ఆమె అతన్నే అడిగేవారు, "కిత్నే భయ్యా?" అని. అతని అంకె విని తల ఊపి, లేచి చీర దులుపుకునేవారు. నా చీటీ నా చేతిలోనే ఉండేది. దాన్ని రిజిస్టరులో నేనే ఎక్కించేవాణ్ణి. ఆమె అడగలేదు. ఒక వసంతం అడగలేదు, రెండో వసంతం అడగలేదు. దారిలో అన్నీ మాట్లాడేవారు, నవ్వించేవారు, నా షుగరు గురించి తిట్టేవారు. ఆ ఒక్కటే అడగలేదు. నేనూ దాని గురించి నోరెత్తలేదు. చుక్కల మందు టైముకి వేసుకున్నారా అని అడగడానికి మాత్రం రోజూ వెళ్ళేవాణ్ణి.

ఇప్పుడు మార్చి. ఆమె పోయాక నాలుగు ఆదివారాలు వెళ్ళాను. వారం మధ్యలో కూడా వెళ్ళాను, ఆఫీసుకు ఆలస్యంగా వచ్చాను. లెక్క మొదలుపెడతాను, సగంలో మొదటికొస్తాను. గట్టు మీద ఒకచోట నిలబడలేకపోతున్నాను. కాపలాదారు "బైఠ్ జా బాబూ" అంటాడు. కూర్చుంటే మళ్ళీ లేస్తాను. బాతులు ఇంకో పది రోజుల్లో వెళ్ళిపోతాయి. నిన్న ఇదంతా మీకు రాయడానికి కూర్చుని మూడుసార్లు లేచాను. ఒక్క సంగతి చెప్పి ఆపుతాను.

పోయిన మార్చిలో, ఆ రెండు వసంతాలూ గడిచాక, ఇలాంటి రోజుల్లోనే, గట్టు మీద మేమిద్దరమే ఉన్నాం. కాపలాదారు కంచె అవతల గేదెల్ని తోలడానికి పోయాడు. నేను సూదితోక బాతుల్ని పదులు పదులుగా లెక్కపెడుతున్నాను. ఒక గద్ద జమ్ము మీదుగా కిందికి వచ్చింది. నీళ్ళమీద ఉన్నవన్నీ ఒక్కసారిగా లేచాయి. గట్టిగా వాన మొదలైనట్టు రెక్కల చప్పుడు.

"ఎన్ని?" అన్నారామె.

నేను వెనక్కి చూశాను, కాపలాదారు వచ్చాడేమోనని. రాలేదు. నన్నే అడిగారు.

నాలుక మీదికి ఒక అంకె వచ్చింది. అంచనాకు అది మరీ తప్పు కూడా కాదు. చెబితే నమ్మేవారు.

"లెక్క తప్పిందండీ" అన్నాను. "మధ్యలో లేచిపోయాయి."

"ఎంతదాకా వచ్చింది?"

"నూట అరవై దాకా. తర్వాత కలిసిపోయాయి."

"నూట అరవై రాయి" అన్నారు. "తర్వాత తప్పిందని కూడా రాయి."

రాశాను. చీటీ కోసం చెయ్యి చాచారు. కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో అంకె మీదుగా చూపు జరుపుతూ చదివారు. మడిచి నడుము దగ్గర దోపుకున్నారు.

బాతులు నది మీద పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ మా మీదికి వచ్చాయి. ఆమె గడ్డం పైకెత్తి, చప్పుడు ఎటు పోతే అటు ముఖం తిప్పుతూ ఉన్నారు, నది వైపు నుంచి జమ్ము దాకా, జమ్ము మీదుగా తూర్పుకి. బాతులు అప్పటికే ఆ చోటు దాటి ముందుకు పోయాయి. ఎండ పడి మెరుస్తున్న ఆమె ముఖం మాత్రం అవి ఇప్పుడే వదిలిన ఆకాశాన్ని చూస్తూ మెల్లిగా కదులుతోంది.