నా గన్ను గురి కుదిరిన రోజు

"బావగారూ! గన్ను మర్చిపోకండోయ్! గన్నూ!"

వీధి మలుపులోంచి కేక. శనివారం పొద్దున, వాటర్‌ఫోర్డ్‌లో మా వీధి ఇంకా దుప్పటి తీయని వేళ. అరిచింది మా బావమరిది చంటి. కారు అద్దం దించి, తల మొత్తం బయటపెట్టి మరీ అరిచాడు. తెలుగులో అరుస్తున్నాను కదా, ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాడట. ఒరేయ్, ఆ మొత్తంలో ఈ ఊరివాళ్ళకి తెలిసిన మాట ఒక్కటే, దాన్నే రెండుసార్లు అరిచావు కదరా!

ఎదురింటి మారీన్ చెత్తడబ్బా బయటికి లాక్కొస్తూ ఆగింది. ఆవిడకి నా సంగతి తెలుసు కాబట్టి సరిపోయింది. "బ్యాంకుకేనా రావ్? నా వాటా మర్చిపోకు" అంది. నేను హుషారుగా చెయ్యూపాను. సాయంత్రం అదే వీధిలో ఆవిడకి మొహం చూపించలేక గోడవారగా నడిచి ఇంట్లోకి దూరాను. మధ్యలో ఏం జరిగిందో వినండి.

ముందు కంగారు పడకండి. నాది గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుళ్ళు కొట్టే ఎయిర్ పిస్టల్. పది మీటర్ల దూరంలో ఒక అట్టముక్క, దాని మీద గుండ్రాలు, నడిమధ్యలో కొడితే పది మార్కులు. అంతే ఆట. అంత మాత్రానికే ఇక్కడ లైసెన్సు కావాలి. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఇంటికొచ్చి గోడకి బోల్టులతో బిగించిన ఇనప సేఫ్ చూసుకుని మరీ వెళ్ళారు.

ఈ వయసులో నాకీ గన్ను పిచ్చేమిటంటారా? చెబుతాను. మా ఆవిడ సుగుణ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె వీసా తోక పట్టుకుని వచ్చినవాణ్ని నేను. గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతాను. మనవాళ్ళ ఫంక్షన్‌కి వెళితే "సుగుణగారి హస్బెండ్" అంటారు. పిల్ల స్కూల్‌కి వెళితే "మీనూస్ డాడ్" అంటారు. గోడౌన్‌లో ఏమంటారో చెప్పను. ఒక్క ఆ షూటింగ్ క్లబ్బులోనే "గుడ్ మ్యాన్, రావ్!" అని నా పేరు పెట్టి పిలుస్తారు. పదో క్లాసుతో చదువు సరిపెట్టుకున్నవాడికి అది చిన్న విషయం కాదు.

ఇక నా గన్ను. చవకది. ఎంత చవకంటే, క్లబ్బు కెప్టెన్ నోయెల్ దాన్ని మొదటిసారి చూసి "ఇది పిస్టలా, స్టేప్లరా?" అన్నాడు. పిడి ప్లాస్టిక్కు. ట్రిగ్గర్ నొక్కాలంటే మొండి తాళం తిప్పినంత బలం కావాలి. అక్కడ టీ టైమ్ అయిందంటే ఇదే చర్చ: ఖరీదు గన్ను గొప్పదా, చవక గన్ను చాలా? మా చంటి డబ్లిన్‌లో శాండీఫోర్డ్ దగ్గర సాఫ్ట్‌వేర్. వాడిది జర్మనీ పిస్టల్, పిడి వాడి అరచేతి కొలతకి చెక్కించుకున్నాడు. వారాంతం మా క్లబ్బుకి వచ్చాడంటే వాడా ఊరుకునేది!

"బావగారూ, వస్తువు కొంటే ఒక్కసారే మంచిది కొనాలండీ."

"ఏరా, నీదానికి గాలి నింపాలంటే సముద్రంలో మునిగేవాళ్ళ సిలిండర్ కావాలి. నాది లివర్ ఒక్కసారి లాగితే సిద్ధం. కూరగాయలు తరగడానికి కత్తికి గంధపు చెక్క పిడెందుకురా?"

"తెగాలిగా మరి?"

"తెగుతుంది! నాది ఎక్కడ గురిపెడితే అక్కడే కొడుతుంది!"

ఇదిగో, ఈ ఆఖరి మాట ఉంది చూశారూ, పచ్చి అబద్ధం. నా గన్ను పుట్టు వంకరది. మధ్యలో గురిపెడితే గుండు ఎడమకి, కిందకి పోయేది. గురి చూసే సైటుకి ఒక స్క్రూ ఉంది, తిప్పితే సరవుతుందట. కానీ చవక వస్తువు కదా, తిప్పితే ఊడి చేతికొస్తుందేమోనని భయం. పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే, వంకరని ఒప్పుకోవాలి. ఎందుకొచ్చిన గొడవని నేనే సర్దుకుపోయాను. అట్టముక్క కుడివైపు పైమూలకి గురిపెట్టేవాణ్ని, గుండు బుద్ధిగా మధ్యకొచ్చేది. "చూశారా, స్టేప్లర్!" అని మీసం తిప్పేవాణ్ని.

అదలా ఉంచండి. ఇంట్లో ఇంకో కథ. సేఫ్ ఉన్నది మెట్ల కింది ప్రెస్‌లో. ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు లెండి. సుగుణ ముచ్చటపడి కొనుక్కున్న వెట్ గ్రైండర్ అక్కడ పట్టక, అట్టపెట్టెలోంచి బయటికే రాకుండా హాల్లో టీవీ పక్కన పడి ఉంది. దాని మీద మేము బట్టలు మడత పెట్టుకుంటాం. ఆమె డ్యూటీ నుంచి వచ్చి మిక్సీలో పిండి రుబ్బుకుంటూ, ఒకరోజు తేల్చేసింది.

"ఏవండీ, డబ్లిన్ క్లబ్బుతో మ్యాచ్ అంటున్నారుగా. అందులో మంచి స్కోరు తెస్తే ఆ సేఫ్ జోలికి జన్మలో రాను. రాలేదో, గన్ను డీలర్‌కి ఇచ్చెయ్యండి. నా గ్రైండర్ లోపలికి వెళుతుంది."

"ఓ, దానికేం!" అన్నాను. మూల గురి నా చేతిలో ఉందిగా.

మ్యాచ్‌కి ముందు వారాంతం చంటి వచ్చాడు. ఇద్దరం క్లబ్బుకెళ్ళాం. కాసేపు కొట్టాక నేను టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళాను. నోయెల్ దొరికాడు, మాటల్లో పడ్డాను. నా సంగతి తెలుసుగా, టీ చల్లారిపోయింది. తిరిగొచ్చేసరికి వీడు చేతులు తుడుచుకుంటున్నాడు. "ఏంట్రా?" అంటే "ఏం లేదండీ" అన్నాడు. ఆ వారమంతా నాకు గోడౌన్‌లో ఓవర్‌టైమ్, ప్రాక్టీసుకి వెళ్ళనేలేదు.

ఇక చంటి వీధిలో కేకేసిన ఆ శనివారం, మ్యాచ్. వాటర్‌ఫోర్డ్ జట్టులో నేను. డబ్లిన్ జట్టులో చంటి. వెనక బెంచీ మీద ఎప్పటిలాగే మా మీనూ, క్రిస్ప్స్ ప్యాకెట్‌తో. నిలబడ్డాను, ఊపిరి బిగించాను, అలవాటు ప్రకారం కుడివైపు పైమూలకి గురిపెట్టి నొక్కాను.

టప్!

గుండు వెళ్ళి సరిగ్గా కుడివైపు పైమూలలో దిగింది.

నా గన్ను జీవితంలో మొదటిసారి ఎక్కడ గురిపెట్టానో అక్కడే కొట్టింది. నా కొంప అక్కడే మునిగింది!

గన్ను మీద నాకు అనుమానమే రాలేదు. నా గురే తప్పిందనుకున్నాను. ఇంకోటి కొట్టాను. అదే మూల, దాని పక్కనే. చెమటలు! పోనీ కొంచెం లోపలికి గురిపెడదామా? పెట్టాను, కొంచెం లోపలికొచ్చింది. అమ్మయ్య అనుకునేలోపు నా పాత బుద్ధి "ఒరేయ్, వంకర మర్చిపోయావా, కుడికి పోరా కుడికి" అంది. కుడికి పోయాను. ఆ గుండు అట్టముక్కనే వదిలేసి వెనక ఇనప రేకుకి తగిలింది. ఠంగుమని చప్పుడు. హాలంతా నా వైపు చూసింది. నోయెల్ పాపం కళ్ళు మూసుకున్నాడు. అన్నిటికంటే మంట ఏమిటంటే, ఆ మూలలో పడ్డ గుళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి, ఎంత ముద్దుగా పడ్డాయో! అంత నిలకడగా నేను ఎన్నడూ కొట్టలేదు.

మా జట్టు ఓడింది. ఎవరివల్లో గోడ మీద బోర్డు చెప్పింది. నోయెల్ భుజం తట్టి "యూ'ర్ గ్రాండ్, రావ్" అన్నాడు. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్ప అనుకునేరు. పోనీలే పాపం అని.

సాయంత్రం ఇల్లు. సుగుణ గారెలు వేస్తోంది. నా మొహం చూసింది, స్కోరు అడగలేదు. చంటి గుమ్మం దగ్గర నిలబడి తల గోక్కుంటున్నాడు.

"బావగారూ, ఒక్కటి అర్థం కావట్లేదండీ. నేను సరిచేసిన గన్నుతో అలా ఎలా కొట్టారు?"

"ఏంటీ? నువ్వేం చేశావ్?"

"పోయినవారం మీరు టీకి వెళ్ళినప్పుడు కొట్టి చూశానండీ. ఘోరంగా ఎడమకి, కిందకి పోతోంది. స్క్రూ తిప్పి సరిచేశాను. మీరు ఫీలవుతారని చెప్పలేదు."

రక్తం నెత్తికెక్కింది. "నిన్నెవడు చెయ్యమన్నాడ్రా!"

"నేనే" అంది సుగుణ, బాండీ మీంచి చూపు తిప్పకుండా. "ఆ క్లబ్బు కూడా లేకపోతే ఈయన ఏమైపోతాడో, ఎలాగైనా గెలిచేలా చూడరా తమ్ముడూ అన్నాను."

గ్రైండర్ కావాలన్నదీ ఈవిడే, అది వదులుకుని నన్ను గెలిపించాలనుకున్నదీ ఈవిడే! అయినా ఓడిపోయాను. ఎందుకు ఓడానో చెప్పాలంటే అబద్ధం బయటపడుతుంది. కూర్చుని గారె తుంచాను. గండం గడిచిందనే అనుకున్నాను.

"బట్ డాడీ నెవర్ ఎయిమ్స్ అట్ ద మిడిల్, లైక్" అంది మీనూ, పచ్చడి నాకుతూ. "హీ ఆల్వేజ్ ఎయిమ్స్ అట్ ద కార్నర్. నేను ఎవ్రీ వీక్ చూశాను."

చంటి గోడ పట్టుకుని కూలబడి నవ్వాడు చూడండి, చచ్చినోడు! సుగుణ మాత్రం నవ్వలేదు.

"వంకరని నాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే చవకది కొన్నానని అంటావుగా."

"కొన్నరోజే అన్నాను. ఇంక కొత్తగా ఏం అనేదాన్ని?"

తుంచిన గారె కంచంలో పెట్టేశాను.

"సోమవారం డీలర్‌కి ఫోన్ చేస్తాను" అన్నాను. వద్దంటుందేమోనని ఒక్క క్షణం ఆగాను. అనలేదు. మాట మాటే. స్టవ్ కట్టేసి, ఆఖరి వాయి తెచ్చి బల్ల మీద పెట్టింది. కుర్చీలు చాలలేదు. గ్రైండర్ పెట్టెని కాలితో ఇటు జరుపుకుని, నా పక్కనే దాని మీద కూర్చుంది. "తినండి, చల్లారిపోతాయి" అని నా కంచంలో రెండు గారెలు వేసింది. నలుగురం తిన్నాం. మిక్సీ పిండి కదా, కాస్త గట్టిగానే ఉన్నాయి. నేను పైకి అనలేదు.

గన్ను వంకర ఒక్క స్క్రూతో పోయింది. నా వంకర తీసే స్క్రూ ఎక్కడుందో మా ఇంట్లో ముగ్గురికీ తెలుసట. నాకే ఎవరూ చెప్పడం లేదు!