ఊఁ అంటేనే కదిలే పెట్టె

ఆమెను పట్టుదలకు మారుపేరని పొగడాలని చాలామందికి ఉబలాటం. పట్టుదలా పాడా, ఒట్టి ఒళ్లుమంట. స్పీకర్లు బాగుచేసి బతికే ఆ మనిషికి తమ్ముడంటే ప్రాణం, తమ్ముణ్ణి మొద్దు అన్నవాళ్లంటే మంట.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు సహాయకుడు. చెవిన పడింది పొల్లుపోకుండా ఒప్పజెబుతాడు. అదే కాగితం మీద చూపిస్తే అక్షరాలు చీమల్లా చెదిరిపోతాయి. లైసెన్సు పరీక్ష రెండుసార్లు పోయింది. ఈసారీ పోతే మళ్లీ కూర్చోనివ్వరు. జన్మంతా ఇంకొకడి స్పానర్లు మోయడమే.

అందుకని అక్క పాఠం చెప్పే పెట్టె కట్టింది. పాత స్పీకరు, మైకు, చిన్న కంప్యూటరు బోర్డు, పైన బిస్కెట్ల డబ్బా మూత. పాఠాలన్నీ తనే చదివి రికార్డు చేసింది. ఆమె పనిలో మధ్యలో మాట ఆగిందంటే ఎక్కడో వైరు ఊడినట్టే లెక్క. కాబట్టి తను ఊపిరి తీసుకున్న చోటల్లా, తడుముకున్న చోటల్లా కత్తిరించి పారేసింది. పాఠం నూనె పోసినట్టు జారింది. తమ్ముడి బుర్రలో ఒక్క ముక్కా నిలవలేదు.

స్పీకరు విప్పింది, మైకు మార్చింది, చివరికి తమ్ముణ్ణే తిట్టింది. వాడు గ్రీజు చేతులు తుడుచుకుంటూ, “అక్కా, నీ పెట్టె ఊపిరి పీల్చదు. ఇక నేనెక్కడ పీల్చుకోను? చిన్నప్పుడు నేను ఊఁ కొట్టకపోతే నువ్వు కథ ముందుకు నడిపించేదానివా?” అన్నాడు.

నడిపించేది కాదు. ఊఁ వినబడకపోతే నిద్రపోయాడని గిల్లేది కూడా.

పెట్టె మళ్లీ విప్పింది. ఇప్పుడది ఒక్క వాక్యం చెప్పి ఆగుతుంది. ఊఁ అంటే ముందుకు పోతుంది, ఆఁ? అంటే మళ్లీ చెబుతుంది, మాట్లాడకపోతే తనూ నోరు మూసుకుంటుంది. గిల్లడం ఒక్కటే రాదు.

పరీక్ష రోజున అధికారి ఆమె చేతిలో పెట్టె చూసి, రేడియోలు లోపలికి రాకూడదన్నాడు. అడిగినవాళ్లకు ప్రశ్నలు చదివి వినిపించాలని మీ నిబంధనల్లోనే ఉందిగా అని ఆమె. ఉంది, కానీ చదవాల్సింది మనిషి, యంత్రం కాదని ఆయన. పాపం కుర్రాడు, అని జాలి కూడా పడ్డాడు.

“జాలి మీ దగ్గరే ఉంచుకోండి సార్. మనిషే కావాలంటే మీరున్నారుగా, చదవండి.”

పెట్టె ఒళ్లో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. లోపల అధికారి మొదటి ప్రశ్న గబగబా చదివేసి రెండోదాని మీద పడ్డాడు.

“ఆగండి సార్, నేనింకా ఊఁ అనలేదు,” అన్నది తమ్ముడి గొంతు.

అధికారి కసిరాడు. వాడు కదల్లేదు. వినిపించాలని నిబంధన, వినబడిందో లేదో చెప్పాల్సింది వినేవాడే. ఆయన మొదటి ప్రశ్న మళ్లీ చదివి ఆగాడు. ఊఁ. ఆ తర్వాతే జవాబు. సగం ప్రశ్నలయ్యేసరికి ఆయనే వాక్యం చివర ఆగి, తలెత్తి చూడటం నేర్చుకున్నాడు.

తమ్ముడు నెగ్గాడు. అధికారి గొంతు బొంగురుపోయింది. కాగితం మీద ఆయన సంతకం ఆరకముందే ఆమె లోపలికి వెళ్లి పెట్టెను బల్ల మీద పెట్టింది.

“వచ్చేసారి ఇంకెవరైనా చదవమంటే, ప్రశ్నలు ముందే రికార్డు చేసి దీన్ని రానివ్వండి సార్. మీ గొంతూ మిగులుతుంది.”

ఆయన ఊఁ అనేదాకా ఆమె ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.